ఎక్స్‌ఛేంజీ అలారం ఏ దారిన పంపాలి: హూటర్, ఈమెయిల్, ఎస్‌ఎన్‌ఎంపీ, సిస్‌లాగ్ మధ్య ఎంపిక

రెండు వందల ఎక్స్‌టెన్షన్లు, ఒక పీఆర్‌ఐ లైను (ఒకేసారి అనేక కాల్స్‌ను మోసే డిజిటల్ ఫోన్ లైను), దానికి తోడుగా ఒక సిప్ ట్రంక్ (ఇంటర్నెట్ మీదుగా వచ్చే ఫోన్ లైను) ఉన్న మోస్తరు ఆసుపత్రిని ఒకదాన్ని ఊహించుకోండి. అక్కడి ఈపీఏబీఎక్స్, అంటే సంస్థ లోపలి ఫోన్ ఎక్స్‌ఛేంజీ, ఏ కంపెనీదైనా సరే, పీఆర్‌ఐ ఆగిపోయిన కొద్ది సెకన్లలోనే ఆ సంగతిని గుర్తించి తన మెమరీలో నమోదు చేసుకుంటుంది. చాలా పరికరాల్లో ముందువైపు ఎర్రదీపం కూడా వెలుగుతుంది. అయితే ఆ దీపం వెలిగేది తాళం వేసిన గదిలో. అందువల్ల లైను ఆగిన సంగతి మొదట తెలిసేది, అపాయింట్‌మెంట్ కోసం ఎన్నిసార్లు చేసినా నంబరు కలవక చివరికి నేరుగా వచ్చి రిసెప్షన్ దగ్గర గొడవ పెట్టుకున్న రోగి బంధువు ద్వారా. లోపాన్ని కనిపెట్టడంలో ఈ పరికరాలకు లోటు లేదు. కనిపెట్టినదాన్ని సరైన మనిషికి చేర్చే దారిని ఏర్పాటు చేయడంలోనే మనం వెనకబడుతున్నాం.

కొనుగోలు సమయంలో అమ్మకందారు ఇచ్చే పట్టికలో ఈమెయిల్, ఎస్‌ఎన్‌ఎంపీ (నెట్‌వర్క్ మీది పరికరాలను గమనించే పద్ధతి), సిస్‌లాగ్ (సంఘటనల చిట్టాను సర్వరుకు పంపే పద్ధతి), రిలే కాంటాక్ట్ (అలారానికి కదిలే స్విచ్చి) అన్నింటికీ టిక్కు ఉంటుంది కాబట్టి, ఏది మంచిదన్న ప్రశ్నకు ఆ పట్టికలో సమాధానం దొరకదు. నేను ముందుగా అడిగే ప్రశ్న వేరు: ఏ లోపాన్ని చెప్పడానికి ఈ దారిని పెడుతున్నామో, ఆ లోపం వచ్చినప్పుడు ఈ దారి కూడా తెగిపోతుందా? ఒక చోట ఎక్స్‌ఛేంజీకీ, అది అలారం మెయిల్ పంపే నెట్‌వర్క్ స్విచ్చికీ ఒకే యూపీఎస్ నుంచి కరెంటు వచ్చేది. ఒక శనివారం రాత్రి ఆ యూపీఎస్ ఆగిపోయింది. మెయిల్ సెట్టింగులు సవ్యంగానే ఉన్నాయి, పరీక్ష కోసం పంపిన మెయిల్ అంతకుముందు వారమే అందింది కూడా. కానీ ఆ రాత్రి మెయిల్ పంపవలసిన పరికరమూ, దాన్ని మోయవలసిన స్విచ్చీ రెండూ ఆరిపోయే ఉన్నాయి. సోమవారం ఉదయం దాకా ఎవరికీ తెలియలేదు. ఈ కింది దారులన్నింటినీ ఆ రాత్రిని దృష్టిలో పెట్టుకునే పోలుస్తాను.

అలారంలో ఉన్న సమాచారం

దారి కంటే ముందు, ఆ దారిన వెళ్లేది ఏమిటో తెలిసి ఉండాలి. పీఆర్‌ఐ మన దగ్గర ఈ1 అనే రకం డిజిటల్ లైను మీద వస్తుంది: సెకనుకు 2.048 మెగాబిట్ల వేగం, 32 టైమ్‌స్లాట్లు, వాటిలో సున్నా స్లాట్ ఫ్రేమ్ సమన్వయానికి, 16వది సిగ్నలింగుకు, మిగిలిన 30 మాటలకు. దీని మీద వచ్చే అలారాలన్నీ ఆపరేటర్ నోట "పీఆర్‌ఐ డౌన్" అనే ఒకే మాటగా మారిపోతాయి గాని, నిజానికి అవి వేర్వేరు మనుషులను పిలుస్తాయి. ఎల్‌ఓఎస్ వస్తే అవతలి నుంచి సిగ్నలే మన పోర్టుకు చేరడం లేదని అర్థం. కేబులు, కనెక్టరు, సర్వీసు కంపెనీ పెట్టిన మోడెమ్ లేదా మక్స్ (అనేక లైన్లను కలిపి పంపే పెట్టె) కరెంటు ముందు చూసుకోవాలి. ఆర్‌ఏఐ వస్తే అవతలి కొస "నాకు నీ సిగ్నల్ సరిగా అందడం లేదు" అని చెబుతోందన్నమాట, కాబట్టి మన సిగ్నల్‌ను మోసే తీగల జతను అనుమానించాలి. ఏఐఎస్ వస్తే మధ్యలోని పరికరం బతికే ఉండి, దానికి వెనక నుంచి రావలసిన సిగ్నల్ పోయినందున వరుసగా ఒకట్లు పంపుతోందని అర్థం. అప్పుడు మన టెక్నీషియన్‌ను రాత్రిపూట లేపడం వృథా, సర్వీసు కంపెనీకి ఫిర్యాదు నమోదు చేయడమే పని. ఇవేవీ లేకుండా డీ-చానెల్ (సిగ్నలింగు నడిచే ఆ 16వ స్లాట్) ఒక్కటే పడిపోయే సందర్భం కూడా ఉంటుంది. దీపం పచ్చగానే ఉంటుంది, ఒక్క కాల్ కూడా వెళ్లదు.

సిప్ ట్రంకుకు ఇటువంటి భౌతికమైన గుర్తులు లేవు. ఈథర్‌నెట్ పోర్టు వెలుగుతూనే ఉంటుంది, ఇంటర్నెట్ పనిచేస్తూనే ఉంటుంది, ట్రంక్ మాత్రం పలకదు. ఎక్స్‌ఛేంజీ క్రమం తప్పకుండా ఆప్షన్స్ అనే పలకరింపు సందేశం పంపి జవాబు వస్తోందో లేదో చూసుకుంటేనే ఈ లోపం అలారంగా మారుతుంది. ఆస్టరిస్క్ అనే ఎక్స్‌ఛేంజీ సాఫ్ట్‌వేర్‌లో పీజేసిప్ అనే సిప్ విభాగాన్ని వాడేవారు ఒక సంగతి గమనించాలి: క్వాలిఫై ఫ్రీక్వెన్సీ (ఎన్ని సెకన్లకోసారి తనిఖీ చేయాలో చెప్పే సెట్టింగు) విలువ మొదట సున్నాగా, అంటే ఈ తనిఖీ ఆపివేసి ఉంటుంది. దాన్ని 60 సెకన్లకో, 30 సెకన్లకో మార్చకుండా ఎంత ఖరీదైన మానిటరింగ్ పెట్టినా ట్రంక్ గురించి అది ఏమీ చెప్పలేదు.

కనుక ఎంపికలో మొదటి తేడా ఇక్కడే తేలుతుంది. కొన్ని దారులు "ఏదో అయింది" అని మాత్రమే చెప్పగలవు, కొన్ని ఏమయిందో కూడా చెప్పగలవు. రెండో రకమే ఎప్పుడూ మెరుగు అనుకోవడం సహజం. కానీ ఆ శనివారం రాత్రి పనికొచ్చి ఉండేది మొదటి రకమే.

రిలే కాంటాక్ట్, హూటర్

చాలా ఎక్స్‌ఛేంజీల వెనక, రెండు లేదా మూడు తీగలు తగిలించుకునే అలారం కాంటాక్ట్ ఒకటి ఉంటుంది. దీన్ని డ్రై కాంటాక్ట్ అంటారు, ఎందుకంటే అది తనంతట తాను కరెంటు ఇవ్వదు, వలయాన్ని కలపడం లేదా తెంచడం మాత్రమే చేస్తుంది. దీనికి నెట్‌వర్క్ అక్కర్లేదు, పాస్‌వర్డు అక్కర్లేదు, సర్వరు అక్కర్లేదు. పాతకాలపు పద్ధతి అని పక్కన పెట్టేవారే ఎక్కువ. నా మటుకు నాకు ఒకే భవనంలో ఇరవై నాలుగు గంటలూ సెక్యూరిటీ మనిషి ఉండే చోట ఇంతకు మించిన మొదటి దారి కనిపించలేదు.

అయితే దీని విలువంతా తీగలు తగిలించే తీరులో ఉంది. లోపం వచ్చినప్పుడు వలయం కలిసేలా తగిలిస్తే, ఎక్స్‌ఛేంజీ పూర్తిగా ఆగిపోయినప్పుడు రిలేని కదిలించే కరెంటే ఉండదు, హూటర్ మోగదు. అలా కాక, అంతా బాగున్నంతసేపు రిలే పట్టి ఉండి వలయం కలిసి ఉండేటట్టు, లోపం వచ్చినా కరెంటు పోయినా తీగ తెగినా వలయం తెగి హూటర్ మోగేటట్టు అమర్చాలి. హూటర్‌కు కరెంటు వేరే చోటు నుంచి, వీలైతే ఫైర్ అలారం ప్యానెల్ బ్యాటరీ నుంచి రావాలి. ఆ కాంటాక్ట్ ఎంత ఓల్టేజీ, ఎంత కరెంటు తట్టుకుంటుందో మాన్యువల్‌లో చూడకుండా 230 ఓల్టుల హూటర్‌ను నేరుగా తగిలించడం ప్రమాదం. మధ్యలో ఒక రిలే పెట్టించాలి. దీని లోపమూ స్పష్టమే: మోగినప్పుడు పీఆర్‌ఐ పోయిందో, ఫ్యాను ఆగిందో సెక్యూరిటీ మనిషికి తెలియదు. కాబట్టి ఏ స్థాయి అలారానికి ఈ రిలే కదలాలన్నది మేజర్‌కే, అంటే పెద్ద లోపాల స్థాయికే, పరిమితం చేయాలి. రెండుసార్లు ఉత్తినే మోగిన హూటర్ తీగను మూడోసారి ఎవరో ఒకరు పీకేస్తారు.

మోడెమ్ ద్వారా డయల్ చేసే పద్ధతి

అవాయా కంపెనీ డెఫినిటీ ఎక్స్‌ఛేంజీల కాలం నాటి వ్యవస్థలు మేజర్ అలారం రాగానే మోడెమ్ ద్వారా తయారీదారు సేవాకేంద్రానికి తామే ఫోన్ చేసేవి. ఆ వంశానికి చెందిన కమ్యూనికేషన్ మేనేజర్‌లో కూడా ఇందుకు రెండు నంబర్లు ఇచ్చుకునే వీలు, రెండోదాన్ని మొదటిదానికి ప్రత్యామ్నాయంగా పెట్టుకునే వీలు ఉన్నాయి. తర్వాతి కాలంలో ఆ పనిని ఇంటర్నెట్ మీద నడిచే సెక్యూర్ యాక్సెస్ లింక్ గేట్‌వేకి అప్పగించారు. ఇప్పుడు కొత్తగా ఈ పద్ధతిని ఎంచుకోమని ఎవరికీ చెప్పను. ఇప్పటికే ఉన్నవారు మాత్రం మోడెమ్ వెళ్లేది నేరుగా ఎండీఎఫ్ (బయటి తీగలు వచ్చి చేరే బోర్డు) మీదికి వచ్చిన ల్యాండ్‌లైన్ మీదనా, లేక అదే ఎక్స్‌ఛేంజీ ఎక్స్‌టెన్షన్ మీదనా అని చూసుకోవాలి. ఎక్స్‌టెన్షన్ మీదనైతే, పీఆర్‌ఐ పోయిందని చెప్పే కాల్ ఆ పోయిన పీఆర్‌ఐ మీదుగానే వెళ్లాలి. మధ్యలో వీఓఐపీ (ఇంటర్నెట్ పద్ధతిలో మాటను పంపడం) ఉన్నా మోడెమ్ కూతలు చెడిపోతాయి.

ఈమెయిల్, ఎస్‌ఎంఎస్

ఈమెయిల్‌ను ఎంచుకునేవారే అత్యధికులు, కారణం అందరికీ మెయిల్ ఉంటుంది, అదనంగా ఏదీ కొననక్కర్లేదు. చిక్కులు తర్వాత మొదలవుతాయి. పాత ఎక్స్‌ఛేంజీల్లోని మెయిల్ విభాగం మామూలు యూజర్‌నేమ్, పాస్‌వర్డుతో తప్ప వేరే విధంగా లాగిన్ కాలేదు. గూగుల్ 2022 మే 30 నుంచి వ్యక్తిగత ఖాతాల్లో అటువంటి తక్కువ భద్రత గల లాగిన్లను నిలిపివేసినప్పుడు, ఉచిత జీమెయిల్ ఖాతాతో నడుస్తున్న అలారం మెయిళ్లు ఏ హెచ్చరికా లేకుండా ఆగిపోయిన చోట్లు నేనే చూశాను. అటువంటి పరికరం ఉన్నవారు ఆఫీసు లోపలే ఒక చిన్న మెయిల్ రిలే సర్వరు పెట్టి, ఎక్స్‌ఛేంజీ దానికి పంపితే అది బయటికి సురక్షితంగా పంపేటట్టు చేసుకోవడం మంచిది. అంత చేసినా రాత్రి రెండు గంటలకు మెయిల్ చదివేవారు ఉండరు. మైనర్ అలారాలకు, రోజువారీ సారాంశానికి ఈమెయిల్ చక్కగా సరిపోతుంది. మేజర్ అలారానికి అదొక్కటే దారిగా ఉండకూడదు.

ఎస్‌ఎంఎస్ నిద్రలేపుతుంది. కానీ సర్వీసు ద్వారా పెద్దమొత్తంలో పంపే సందేశాలకు మన దేశంలో ట్రాయ్ 2018 నిబంధనల కింద సంస్థ పేరు, హెడరు (పంపినవారి పేరుగా కనిపించే అక్షరాలు), సందేశం నమూనా డీఎల్‌టీ అనే నమోదు వేదిక మీద ముందే నమోదు కావాలి. అలారం సందేశంలో కార్డు నంబరు, పోర్టు నంబరు, లోపం పేరు ప్రతిసారీ మారుతుంటాయి. నమూనాలో ఆ మారే భాగాలకు చోటు వదలకపోతే సందేశం మధ్యలోనే ఆగిపోతుంది. ఈ తతంగం వద్దనుకుంటే సిమ్ కార్డు వేసే జీఎస్‌ఎం పరికరం ఒకటి తీసుకుని, రిలే కాంటాక్ట్‌ను దానికి కలిపి, దానికి సొంత బ్యాటరీ ఉండేటట్టు చూసుకోవచ్చు. మన యూపీఎస్‌తోనూ, మన ఇంటర్నెట్‌తోనూ ఏ బంధుత్వమూ లేని దారి ఇది. సిమ్ రీఛార్జి గడువు మాత్రం ఎవరి డైరీలోనైనా రాసి ఉండాలి.

ఎస్‌ఎన్‌ఎంపీ: ట్రాప్ కావాలా, పోలింగ్ కావాలా

పోలికలో అన్నింటికన్నా ఎక్కువ ఆలోచించవలసిన భాగం ఇదే. ట్రాప్ అంటే పరికరం తనంతట తాను యూడీపీ (రసీదు అడగని పంపకం పద్ధతి) 162 పోర్టుకు పంపే కబురు. పోలింగ్ అంటే మానిటరింగ్ సర్వరు యూడీపీ 161 పోర్టు మీద "ఎలా ఉన్నావు" అని ఎప్పటికప్పుడు అడగడం. ట్రాప్ వెంటనే వస్తుంది, కానీ అందిందో లేదో పంపినవాడికి తెలియదు. దారిలో పోతే పోయినట్టే. ఎస్‌ఎన్‌ఎంపీ రెండో వెర్షన్ నుంచి ఇన్‌ఫామ్ అనే రకం వచ్చింది, దానికి రసీదు ఉంటుంది, రసీదు రాకపోతే పరికరం మళ్లీ పంపుతుంది. మీ ఎక్స్‌ఛేంజీలో ఇన్‌ఫామ్ ఉంటే ట్రాప్ బదులు దాన్నే ఎంచుకోండి. పోలింగ్‌లో ఆలస్యం ఉంది. అయిదు నిమిషాలకోసారి అడిగితే లోపం తెలియడానికి దాదాపు అయిదు నిమిషాలూ పట్టవచ్చు. కానీ చచ్చిపోయిన పరికరం ట్రాప్ పంపలేదు, పోలింగ్‌కు జవాబూ ఇవ్వలేదు. ఆ జవాబు రాకపోవడమే మనకు అలారం. అందుకని ఈ రెంటిలో ఒకదాన్ని ఎంచుకోవడం కాదు, తొందరకు ట్రాప్‌నూ, మౌనాన్ని పట్టుకోవడానికి పోలింగ్‌నూ కలిపి పెట్టాలి.

వెర్షన్ల విషయంలో సలహా అంత తేలిక కాదు. ఒకటో వెర్షన్, రెండు-సీ వెర్షన్లలో కమ్యూనిటీ పేరు (పాస్‌వర్డులా పనిచేసే మాట) తెరిచిన ఉత్తరంలా నెట్‌వర్క్ మీద నడుస్తుంది, అది చాలా పరికరాల్లో "పబ్లిక్" అనే పేరుతోనే మిగిలి ఉంటుంది. మూడో వెర్షన్‌లో గుర్తింపు, గుప్తీకరణ రెండూ ఉన్నాయి. అయితే మూడో వెర్షన్ ట్రాప్‌లో పంపే పరికరం ఇంజిన్ ఐడీనే (దాని ప్రత్యేక గుర్తింపు సంఖ్య) ప్రమాణం, కాబట్టి అందుకునే సర్వరులో ఆ ఐడీని ముందే నమోదు చేయాలి. ప్రాసెసర్ కార్డు మార్చినప్పుడు ఆ ఐడీ మారిపోతే సర్వరు ఆ తర్వాతి ట్రాప్‌లను పట్టించుకోకుండా పక్కన పడేస్తుంది, ఎక్కడా ఫిర్యాదు చేయదు. ఇన్‌ఫామ్‌లో ఇది తిరగబడి, అందుకునేవాడి ఐడీ ప్రమాణమవుతుంది. ట్రాప్‌లు వేరే వీల్యాన్ (విడదీసిన నెట్‌వర్క్ భాగం) మీద, బయటికి దారిలేని చోట నడుస్తుంటే రెండు-సీ వెర్షన్‌తో సరిపెట్టుకోవడంలో నాకు అభ్యంతరం లేదు, కమ్యూనిటీ పేరు మార్చి, చదవడానికి మాత్రమే అనుమతి ఇచ్చినంతవరకు. శాఖల నుంచి ఇంటర్నెట్ మీదుగా వచ్చేటప్పుడు మాత్రం మూడో వెర్షన్ లేదా వీపీఎన్ తప్పనిసరి.

ఇంకొకటి: తయారీదారు ఇచ్చే ఎంఐబీ ఫైలు (ట్రాప్‌లోని అంకెలకు అర్థం చెప్పే నిఘంటువు) లేకపోతే ట్రాప్ 1.3.6.1.4.1 అంటూ మొదలయ్యే అంకెల దండగా కనిపిస్తుంది, అందులో పీఆర్‌ఐ పోయిందో ఫ్యాను ఆగిందో ఎవరూ చెప్పలేరు. ఎంఐబీ ఫైలు, ఏ ట్రాప్ ఏ లోపానికి వస్తుందో చెప్పే జాబితా, రెండూ చివరి వాయిదా చెల్లించకముందే చేతికి తీసుకోవాలి. తర్వాత అడిగితే లైసెన్సు అంటారు.

సిస్‌లాగ్

సిస్‌లాగ్‌ను అలారం దారిగా కాక సాక్షిగా చూడాలి. యూడీపీ 514 మీద పరికరం తన ప్రతి సంఘటననూ వరుసగా చెబుతూ పోతుంది. గొడవ జరిగాక ఏది ముందు, ఏది తర్వాత అని తేల్చడానికి దీనికి సాటి లేదు. దీని తీవ్రత అంకెలు తలకిందులుగా ఉంటాయని గుర్తుంచుకోవాలి: సున్నా అత్యంత తీవ్రం, 7 డీబగ్. స్థాయిని 4 అని పెడితే హెచ్చరికలు, వాటికంటే తీవ్రమైనవి మాత్రమే వస్తాయి. ఎవరో టెక్నీషియన్ లోపం వెతకడానికి 7 పెట్టి మరిచిపోతే సర్వరు డిస్కు నిండుతుంది. ఎక్స్‌ఛేంజీ గడియారం ఎన్‌టీపీతో (నెట్‌వర్క్ ద్వారా సరైన సమయం తెచ్చుకునే పద్ధతి) సరిచేసి లేకపోతే ఈ సాక్ష్యమంతా చెల్లదు.

ఏ స్థాయి వరకు పంపాలి

ఐటీయూ (అంతర్జాతీయ టెలికం సంఘం) 1992లో ప్రచురించిన ఎక్స్.733 ప్రమాణం క్రిటికల్, మేజర్, మైనర్, వార్నింగ్, ఇండిటర్మినేట్, క్లియర్డ్ అని ఆరు స్థాయిలు చెప్పింది. అవాయా కమ్యూనికేషన్ మేనేజర్‌లో మేజర్, మైనర్, వార్నింగ్ అని మూడే ఉంటాయి. కార్డు లోపల తలెత్తిన లోపాన్నీ, కార్డు బయట తీగల్లోనో ఫోన్‌లోనో ఉన్న లోపాన్నీ వేరుచేసి, బయటివాటి స్థాయిని తగ్గించుకునే వీలు అందులో ఉంది. ఆసుపత్రి వార్డుల్లో రిసీవర్ సరిగా పెట్టకుండా వదిలేసే ఫోన్లు రోజుకెన్నో ఉంటాయి కనుక ఈ తగ్గింపు చేయవలసిందే. నోర్‌టెల్ కంపెనీ సీఎస్ 1000 ఎక్స్‌ఛేంజీలో ఇదే పనిని ఓవర్‌లే 117 అనే ప్రోగ్రాములోని ఈవెంట్ ప్రిఫరెన్స్ టేబుల్ చేస్తుంది. ఒక్కొక్క సంఘటనకు స్థాయి మార్చుకోవచ్చు, ఒకే సంఘటన ఎన్నిసార్లు వస్తే పై స్థాయికి ఎక్కాలో కూడా చెప్పవచ్చు. ఈ సౌకర్యం ఉన్న పరికరానికీ లేని పరికరానికీ మధ్య ఎంపిక వస్తే, ధర కొంచెం ఎక్కువైనా ఉన్నదాన్నే తీసుకోమంటాను, ఎందుకంటే దారి ఎంత బాగున్నా దాని మీద చెత్త నడిస్తే అందుకునేవారు చూడడం మానేస్తారు.

సిప్ ట్రంకుకు రెండు మూడు తనిఖీలు వరుసగా తప్పితేనే అలారం పంపేటట్టు కొంత జాప్యం పెట్టడం మంచిది. డీ-చానెల్‌కు అంత ఓపిక అక్కర్లేదు. లోపం తీరినట్టు చెప్పే సందేశాన్ని మాత్రం ఎప్పుడూ ఆపివేయకండి. అది రాకపోతే, రాత్రి రెండింటికి వచ్చిన అలారం తనంతట తానే తగ్గిందో, ఇంకా అలాగే ఉందో తెలుసుకోవడానికి మనిషి బండి తీసి బయల్దేరవలసి వస్తుంది.

ఏ చోటికి ఏది

యాభై ఎక్స్‌టెన్షన్ల లోపు చిన్న ఆఫీసులో, ఐటీ మనిషి లేని చోట, ఎస్‌ఎన్‌ఎంపీ కోసం సర్వరు పెట్టడం అనవసరం. రిలే కాంటాక్ట్‌కు సిమ్ పరికరం కలిపి మేజర్ అలారం యజమానికీ, ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) తీసుకున్నవారికీ వెళ్లేటట్టు చేయండి. వివరం కోసం ఈమెయిల్ ఉంచండి.

మొదట చెప్పిన ఆసుపత్రికి నేను సూచించేది ఇది. సెక్యూరిటీ గదిలో, కరెంటు పోయినా మోగే పద్ధతిలో తగిలించిన హూటర్. వేరే యూపీఎస్ మీద నడిచే మానిటరింగ్ సర్వరుకు ఇన్‌ఫామ్ లేదా ట్రాప్, తోడుగా అయిదు నిమిషాల పోలింగ్. మైనర్ అలారాలకు రోజుకు ఒక్కసారి మెయిల్. వీటితోపాటు ఒక మామూలు ల్యాండ్‌లైన్‌ను కూడా వదులుకోవద్దంటాను: చాలా ఎక్స్‌ఛేంజీల్లో కరెంటు పోగానే ఆ లైనును నేరుగా ఒక ఫోన్‌కు కలిపే ఏర్పాటు ఉంటుంది, క్యాజువాలిటీలో ఆ ఒక్క ఫోన్ పలికితే చాలా ఇబ్బంది తప్పుతుంది.

విజయవాడలో ప్రధాన కార్యాలయం, జిల్లాల్లో పాతిక శాఖలు ఉన్న సంస్థలాంటిదైతే లెక్క మారుతుంది. అక్కడ ఒక్కొక్క శాఖలో హూటర్ విని అర్థం చేసుకునేవారు ఉండరు, కాబట్టి పోలింగే వెన్నెముక కావాలి. శాఖ ఇంటర్నెట్ పోతే దాని ఎక్స్‌ఛేంజీ అలారం కూడా రాదు కనుక, రూటరు పలకనప్పుడు దాని వెనకున్న ఎక్స్‌ఛేంజీ గురించి విడిగా అలారం ఇవ్వకుండా సర్వరులో ఆధారపడే సంబంధాన్ని రాయాలి. లేకపోతే ఒక్క ఫైబర్ తెగితే పది అలారాలు వస్తాయి.

అమరిక పూర్తయ్యాక పరీక్షించే పద్ధతి కూడా ఎంపికలో భాగమే. మెనూలోని పరీక్ష బటన్ నొక్కితే దారి ఒకటే తేలుతుంది. రద్దీ లేని వేళ చూసి, పీఆర్‌ఐ కేబులు నిజంగా ఊడదీసి ఎన్ని సెకన్లలో ఎవరి చేతికి ఏమి అందిందో రాసుకోవాలి, తిరిగి పెట్టి క్లియర్ సందేశం కోసం ఎదురుచూడాలి, ఆ తర్వాత ఎక్స్‌ఛేంజీ కరెంటు ఆపి మళ్లీ చూడాలి. కొన్ని అవాయా వ్యవస్థలు టెక్నీషియన్ లాగిన్ అయ్యేటప్పుడు అలారాలు పంపడం తాత్కాలికంగా ఆపమంటారా అని అడుగుతాయి. పరీక్ష రోజున అవునని చెప్పి ఉంటే ఏమీ రాలేదని కంగారు పడకండి. ఈ పరీక్షను ఆరునెలలకోసారి చేయాలని ఏఎంసీ ఒప్పందంలోనే రాయించి, అలారం అందుకునే వారి నంబర్ల జాబితాను అదే రోజున సరిచూడండి. ఒక చోట ఆ జాబితాలో మొదటి నంబరు, రెండేళ్ల కిందట ఉద్యోగం మానేసిన మనిషిది. ఆయన అన్ని అలారాలూ అందుకుంటూనే ఉన్నాడు.